పై అర, కింది అర

ఆయుధ పూజకు ఆపిన సర్వర్ మరునాడు సరిగా లేవదు. ఓర్వకల్లు దగ్గరి టీకా మందుల శీతల గిడ్డంగిలో ఈ మాటను ఎవరూ నమ్మకం అనేవారు కాదు, అనుభవం అనేవారు. గేటు దగ్గరి కాపలా మనిషి మొదలు యజమాని ధనుంజయ శెట్టి వరకు అందరూ మూడు దసరాల చరిత్రను పొల్లుపోకుండా చెప్పగలిగేవారు. మొదటి ఏడు మహానవమి నాడు సర్వర్‌ను ఆపి, బొట్టు పెట్టి, విజయదశమి పొద్దున మీట నొక్కితే యంత్రమైతే లేచింది గానీ, తెర మీద ఎనిమిది చల్లగదుల్లో ఒక్కదాని జాడ కూడా కనబడలేదు. గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ కొట్టకపోవడమే కారణమన్నారు. రెండో ఏడు కొట్టారు. తెర ఖాళీగానే వచ్చింది. బొట్టు పెట్టిన మనిషికి అంటు ఉన్న సంగతి ఆలస్యంగా తెలిసిందన్నారు. మూడో ఏడు అంటూ సొంటూ విచారించి, కర్నూలు నుంచి పురోహితుణ్ణి పిలిపించారు. అప్పుడూ అంతే. ఈసారి సర్వర్ ఈశాన్య మూలలో ఉండటం కారణమైంది.

మూడేళ్లలో ఫలితం ఒక్కసారీ మారలేదు; కారణం ఒక్కసారీ నిలవలేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసింది భువన ఒక్కతే.

భువనది పత్తికొండ పక్క పల్లె. కడపలో డిప్లొమా చదివి, కర్నూలులో గది తీసుకుని, రోజూ బస్సులో వచ్చి గిడ్డంగిలోని సర్వర్ల పని చూసేది. చేరి ఏడు నెలలే అయింది. అంతకుముందు ఆ పని చూసిన నాగరాజ్ బెంగళూరులో ఉద్యోగం దొరికి పోతూ పోతూ ఆమెకు తాళాలు, సంకేతపదాలు, వాటితోపాటు ఒక సలహా అప్పజెప్పాడు: "అన్నీ నేర్చుకో. దసరాకు మాత్రం సెలవు పెట్టు."

గిడ్డంగిలో ఉండేది గొర్రెల, మేకల టీకా మందు. చిటుకు రోగానికి, నీలి నాలుకకు వేసే ఆ సీసాలు రెండు డిగ్రీలకూ ఎనిమిది డిగ్రీలకూ నడుమనే బతుకుతాయి. ఒక్కో గదిలో వేడిమిని కొలిచే పరికరాలు, వాటి అంకెలను పట్టి ఉంచే మూడు చిన్న సర్వర్లు, ఆ మూడింటి మీదా పెత్తనం చేసే ఒక పెద్ద సర్వర్. ఆ పెత్తనం చేసే సాఫ్ట్‌వేర్‌కు కంపెనీవాళ్లు పెట్టిన పేరుకు ఎవరికీ నోరు తిరగక, అందరూ దాన్ని తలారి అనేవారు. పేరు అతికినట్టు కుదిరింది. ఊరి తలారి లాగానే అది నిమిషానికొకసారి మూడు సర్వర్ల గడపలూ తొక్కి, కులాసా అడిగి, ఏ గదైనా వేడెక్కితే గంట కొడుతుంది.

నిరుడు విజయదశమి నాడు తలారి ఖాళీ తెరతో కూర్చుని ఉండగా నాలుగో గది కంప్రెసర్ ఆగిపోయింది. గంట మోగలేదు. పండగ సందడిలో సాయంత్రం దాకా ఎవరూ తలుపు తీసి చూడలేదు. పన్నెండు వేల గొర్రెలకు సరిపోయే మందు పారబోయాల్సి వచ్చింది. దాని కోసం ఆలూరు, ఆస్పరి వైపు నుంచి వచ్చి గేటు దగ్గర కూర్చున్న కాపరులు వట్టి చేతులతో వెనక్కి పోయారు.

ఆ గేటు దృశ్యం ధనుంజయ శెట్టిని వదల్లేదు. ఈ ఏడు భాద్రపదం వచ్చిందో లేదో, భువనను తన గదికి పిలిపించాడు.

"కూర్చోమ్మా. నిరుటి సంగతి నీకు ఎవరూ చెప్పకుండా ఉండరు."

"చెప్పినారు సార్. నాలుగో గది."

"ఈ దసరాకు చూస్తాను. తలారి సక్రమంగా లేస్తే సరి. లేవకపోతే ఏకాదశి నాడే దాన్ని బెంగళూరు కంపెనీకి అప్పజెప్తాను. ఆడ కూర్చొనే అన్నీ చూసుకుంటారంట. అప్పుడు ఈడ నీకు పని ఉండదు. ముందే చెప్తాండా, తర్వాత మనసు కష్టపెట్టుకోవద్దు."

"ఆపకుండానే పూజ చేసుకుంటే కాదా సార్? కంప్రెసర్లకు నడుస్తుండగానే బొట్టు పెడతాండారు కదా."

"ఆ మాట మా అమ్మతో చెప్పు. నన్ను మధ్యలో పెట్టొద్దు."

ఆయన తల్లి అనసూయమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. గిడ్డంగిలో పూజ ఏదైనా ఆమె మాట మీదే జరుగుతుంది. తలెత్తకుండానే అందుకుంది.

"కంప్రెసర్ ఆగితే మందు చస్తాది, అందుకని దానికి మినహాయింపు. సర్వర్‌కేం రోగం? కత్తికి, కొడవలికి, తక్కెడకు సంవత్సరానికి ఒక దినం సెలవు ఇస్తాండాం. అదేమన్నా అమ్మవారి కంటే పెద్దదా?"

భువనకు నవ్వొచ్చింది గానీ, కాదనాలనిపించలేదు. ఏ సర్వరైనా ఆపితే ఆగాలి, లేపితే లేవాలి. ఏడాదికి ఒక్క దినం ఆపినందుకే మతి పోగొట్టుకుంటే ఆ జబ్బు పూజలో లేదు, యంత్రంలో ఉంది. పెద్దామె కోరుతున్నది న్యాయమే.

"ఆపుదాం లేమ్మా. అన్నీ ఎప్పటి మాదిరే చేద్దాం," అంది.

"ఎప్పటి మాదిరే అయితే?" అన్నాడు ధనుంజయ.

"ఎప్పటి మాదిరి లేవదు సార్."

ఆ మాటకు రెండు అర్థాలున్నాయని ఆమెకు గది దాటాక గానీ తట్టలేదు. లోపల అనసూయమ్మకు అప్పటికే తట్టినట్టుంది, నవ్వు వినబడింది.

ఉద్యోగం పోతే మరొకటి దొరకకపోదు. నాగరాజ్ పోయిన దారే ఆమెకూ తెరిచి ఉంది. కానీ ఏడు నెలలుగా తన మాట వింటున్న యంత్రాన్ని, అది ఎందుకు పడిపోతుందో తెలుసుకోకుండా, ఎవరి చేతుల్లోనో పెట్టి పోవడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు. అందుకని ఆ సాయంత్రమే నల్ల తెర ముందు కూర్చుంది.

నల్ల తెర అంటే ఆమెకు గురి. రంగురంగుల తెర మీద బొమ్మలు నొక్కితే తలారి తాను చూపదలచుకున్నదే చూపుతుంది. నల్ల తెర మీద ఒక ఆజ్ఞ టైపు చేసి అడిగితే, అడిగినదానికి జవాబు చెప్పి తీరుతుంది. సర్వర్ లేచిన ప్రతిసారీ తనకు తగిలిన ప్రతి వస్తువునూ ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టాను మూడేళ్ల వెనక్కి తీయించింది. ఈ మూడేళ్లలో సర్వర్ పద్నాలుగు సార్లు ఆగి లేచింది. కరెంటు పోయినప్పుడు, బ్యాటరీలు మార్చినప్పుడు, నాగరాజ్ ఏదో సవరణ చేసినప్పుడు. అందులో రెండుసార్లు అమావాస్య, ఒకసారి చంద్రగ్రహణం. పదకొండు సార్లు సలక్షణంగా లేచింది. మూడుసార్లు లేవలేదు. ఆ మూడూ దసరాలే.

అంటే జనం చెప్పుకునే మాటలో సగం నిజం ఉంది. భువన ఆ సగాన్ని గట్టిగా పట్టుకుంది.

ఆ పెద్ద సర్వర్ ముందుభాగంలో ఒకదాని కింద ఒకటిగా రెండు అరలున్నాయి. ఒక్కో అరలో చేతికి ఇమిడే ఒక్కో డిస్కు. ఒకటి తలారి నిల్వ: గదుల పేర్లు, వేడిమి హద్దులు, ఏళ్ల తరబడి అంకెలు, గంట ఎప్పుడు కొట్టాలన్న ఆదేశాలు, అన్నీ అందులోనే. రెండోది దాని నకలు, తలారి నేరుగా చదవలేనట్టు మూటగట్టి దాచినది. చూడటానికి రెండూ కవలలు. సర్వర్ లేచేటప్పుడు పై అరలో దొరికినదానికి "బి" అనీ, కింది అరలో దొరికినదానికి "సి" అనీ పేరు పెట్టుకుంటుంది. నాగరాజ్ రాసిపెట్టిన పట్టికలో తలారికి సంబంధించిన వాక్యం ఒక్కటే: బి ని తలారికి ఇవ్వు.

చిట్టాలో మాత్రం బి, సి అన్న పేర్ల పక్కనే ఫ్యాక్టరీలో డిస్కు ఒంటి మీద వేసిన సంఖ్య కూడా ఉంది. ఒకదానిది డెబ్భై ఒకటితో ముగుస్తుంది, రెండోదానిది ముప్పై ఎనిమిదితో. పదకొండు సార్లూ అవి కిందటిసారి ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. మూడు దసరాలకూ పై అరలోది కిందికి, కింది అరలోది పైకి మారాయి. తలారి తన నిల్వ అనుకుని నకలు తలుపు తెరిచింది. తన సరుకు కనబడక, కొత్తగా వచ్చినట్టు ఖాళీ పుస్తకం ఒకటి తెరిచి కూర్చుంది. నాగరాజ్ ప్రతిసారీ రెండు రోజులు శ్రమపడి అంతా మొదటి నుంచి ఎక్కించాడే గానీ, అరల వైపు కన్నెత్తి చూడలేదు.

దేవుళ్లకు అలిగే హక్కు ఉందేమో గానీ, అలిగిన ప్రతిసారీ రెండు డిస్కులను తారుమారు చేసి పోతారని ఎక్కడా వినలేదు. చేతులున్న మనిషెవరో ఆ పని చేశారు. గిడ్డంగిలో యంత్రాల పూజ చేసేది ఎలక్ట్రీషియన్ వీరభద్ర ఒక్కడే.

వీరభద్రకు యాభై దాటాయి. మోటారు చప్పుడు విని దాని జబ్బు చెప్పగల మనిషి. మరునాడు జనరేటరు షెడ్డు పక్కన టీ తాగుతుంటే భువన పోయి పక్కన కూర్చుంది.

"వీరభద్రన్నా, పూజ నాడు సర్వర్‌కు ఏమేం చేస్తావు?"

ఇన్నేళ్లకు ఒకరు ఈ ప్రశ్న అడిగినందుకు అతని ముఖం విప్పారింది.

"పైపైన బొట్టు పెట్టి పోయేది ఆఫీసోళ్ల పూజ పాపా. నాది అట్ల కాదు. ముందర రెండు డబ్బాలు ఉండాయి సూడు, వాటిని బయటికి గుంజి, మెత్తటి గుడ్డతో తుడ్సి, పళ్లెంలో పెట్టి, అమ్మోరి ముందర పెడతా. సర్వర్ బుద్ధంతా వాటిలోనే కదా ఉండేది? బుద్ధికి పూజ చేయకుండా రేకుకు చేస్తే ఏమొస్తాది?"

"రెండూ పళ్లెంలో పక్కపక్కన పెడతావా?"

"పసుపు, కుంకుమ, పూలు, టెంకాయ... జాగా యాడుండాది? ఒగదాని మీద ఒగటి."

"ముందు ఏది గుంజుతావు?"

"పైది. పైదాన్ని ఇడ్సిపెట్టి కిందిది ఎవురన్నా ముందు తీస్తారా?"

"మళ్లీ పెట్టేటప్పుడు?"

"పైది పైకి, కిందిది కిందికి." వీరభద్ర గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "రవ్వంత కూడా తేడా రానీను. ఇరవై ఏండ్లుగా మిషన్లు ఇప్పి బిగించే చెయ్యి ఇది."

భువన ఖాళీ అయిన తన టీ గ్లాసును ఖాళీ అయిన అతని గ్లాసు పక్కన పెట్టింది.

"ఇదిగో, ఇది పై అరలోది అనుకో. ఈ జాగానే పళ్లెం, ఈడ పెట్టు."

అతను పెట్టాడు.

"ఇది కింది అరలోది. దాని మీద పెట్టు."

పెట్టాడు.

"ఇప్పుడు పైది పైకి."

అతని చెయ్యి పై గ్లాసు దాకా పోయి ఆగిపోయింది. మొదట నవ్వబోయాడు, ఆ నవ్వు మధ్యలోనే ఆరిపోయింది.

"అంటే... నాలుగో గది మందు నా శేతుల మీద పోయిందంటావా పాపా?"

"నీ చేతుల మీద కాదన్నా, రాత మీద. ఒక మాట చెప్తా విను. పెండ్లి పంక్తిలో రెండో ఆకు ముందర ఉండే ఆయనకు చక్కెర జబ్బు, పాయసం వెయ్యొద్దు అని వడ్డించేవాళ్లకు చెప్పినారనుకో. ఆయన లేచి మూడో ఆకుకు పోతే?"

"ఆయనకు పాయసం పడతాది. రెండో ఆకుకు వచ్చినోడు పాయసం ల్యాక అలుగుతాడు."

"ఆయన పేరు చెప్పి ఉంటే?"

"యాడ కూర్చున్నా వడ్డించేటోడు అడిగి తెలుసుకుంటాడు."

"నాగరాజ్ ఆకు నంబరు రాసినాడు, మనిషి పేరు రాయలేదు. అంతే జరిగింది."

వీరభద్ర తేలికపడలేదు. "ఈసారి వాటి జోలికే పోను పాపా. గమ్మున పైనే బొట్టు పెట్టి వస్తా. నీ ఉద్యోగం సంగతి నాకూ తెలుసు."

"వద్దన్నా. ఎప్పుడూ చేసినట్టే చెయ్యాల. గుంజు, తుడువు, పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పెట్టు, పైది పైకే పెట్టు."

"తిక్కా ఏమన్నానా? తెలిసి తెలిసి తారుమారు చెయ్యమంటాండావే!"

"ఈ ఏడు నువ్వు తీయకుంటే లేస్తాది, నిజమే. వచ్చే ఏడు దుమ్ము తుడిచేదానికి ఇంకెవరో తీస్తారు. అప్పుడు మళ్లీ పడిపోతాది. అది ఎవరు తీసినా, ఎట్ల పెట్టినా లేవాల."

సవరణ చేయడం పెద్ద పని కాదు. డిస్కును సిద్ధం చేసిన నాడే దానికంటూ ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య పడుతుంది. అది అరను బట్టి మారదు. నల్ల తెర మీద ఒక్క ఆజ్ఞతో రెండింటి సంఖ్యలూ బయటికొచ్చాయి. పట్టికలో "బి" అన్న చోట నిల్వ డిస్కు సంఖ్య, "సి" అన్న చోట నకలు డిస్కు సంఖ్య రాస్తే సరిపోతుంది. కానీ నడుస్తున్న సర్వర్‌ను ప్రయోగాల కోసం ఆపడానికి ధనుంజయ ఒప్పుకోడు. ఒప్పుకున్నా భువన అడగదు, లోపల మందు ఉంది. అందుకని ఆదివారం పొద్దున బస్సెక్కి కడప పోయింది. అక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ చూసుకునే నాగశ్రీ ఆమెతో కలిసి చదువుకున్నది. మూలన పడేసిన పాత సర్వర్ ఒకటి, వాడని డిస్కులు రెండు చూపించింది.

ఇద్దరూ కలిసి అందులో తలారిని ఎక్కించి, ఓర్వకల్లులో ఉన్నట్టే నిల్వ, నకలు ఏర్పరిచారు. పట్టికలో గుర్తింపు సంఖ్యలు రాశారు. ఆపారు. డిస్కులను తారుమారు చేశారు. లేపారు.

తెర ఖాళీగా వచ్చింది.

నాగశ్రీ గది నలుమూలలా చూసింది. "ఇది ఈశాన్యమేమో చూడే."

"నోరు మూసుకుని ఆ కీబోర్డు ఇట్లియ్యి."

భువన ముందు డిస్కులను అడిగింది. అరలు మారినా రెండూ వాటి పేర్లతోనే, ఏది నిల్వో ఏది నకలో తప్పకుండా, సర్వర్‌కు తగులుకుని ఉన్నాయి. అంటే తన సవరణ తప్పు కాదు, చాలలేదు. తర్వాత తలారిని దాని సొంత ఆజ్ఞలతోనే అడిగింది: నీ నిల్వ ఎక్కడ, ఎప్పుడు తెరిచావు? జవాబులో గడియారం కూడా ఉంది. తలారి లేచిన తొమ్మిది సెకన్లకు గానీ నిల్వ డిస్కు తగులుకోలేదు. చోటు మారిన డిస్కును సర్వర్ ఒకసారి తడిమి చూసుకుంటోంది, ఆ ఆలస్యం అక్కడిది. ఈలోగా తలారి, ఇంకా ఏమీ తగిలించని వట్టి గూటిలో తలపెట్టి, ఏమీ లేదనుకుని కొత్త పుస్తకం తెరిచింది.

"నీ తలారి పెండ్లికి ముందే వచ్చి, పందిరి లేదని ఎల్లిపోయే రకం," అంది నాగశ్రీ.

"వేచి ఉండేది నేర్పిస్తా."

రెండు ఆజ్ఞలు పట్టాయి. నిల్వ డిస్కు తగులుకునే దాకా లేవవద్దన్నది మొదటిది. నిల్వలో తాను పెట్టిన గుర్తు కనబడకపోతే కొత్త పుస్తకం తెరవకుండా, ఒక్క అక్షరం రాయకుండా ఆగి గంట కొట్టమన్నది రెండోది. మళ్లీ ఆపి, తారుమారు చేసి, లేపారు. ఈసారి అన్నీ కనబడ్డాయి. భువన అంతటితో ఆగలేదు. టిఫిను తిని వచ్చి మరో తొమ్మిదిసార్లు మార్చింది. పది సార్లూ లేచింది.

"పదకొండోసారి లేవకపోతే?" అంది నాగశ్రీ, బస్టాండు దాకా తోడు వస్తూ.

"పదకొండోది ఓర్వకల్లులో. ఆడ కూడా లేస్తాది."

సోమవారం గిడ్డంగిలో నిల్వకు మరో నకలు తీసి బీరువాలో పెట్టి, పట్టికలో కొత్త వాక్యాలు, తలారికి కొత్త ఆజ్ఞలు రాసింది. పాత వాక్యాన్ని చెరిపేయకుండా వేరే ఫైలులో దాచింది. తర్వాత ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసి, తేదీ వేసి, సంతకం చేసి, ధనుంజయ శెట్టి బల్ల మీద పెట్టింది.

ఆయన పైకే చదివాడు. "పూజ తర్వాత రెండు డిస్కులూ చోట్లు మారి ఉంటాయి. అయినా తలారి ఎనిమిది గదులనూ పాత అంకెలతో సహా చూపుతుంది. నేను రాసిన కొత్త వాక్యాలు తీసి పాత వాక్యం పెడితే, అదే పూజకు, అదే దినాన, అదే యంత్రం ఖాళీ తెర చూపుతుంది." కళ్లద్దాలు తీశాడు. "మొదటి రెండూ సరే. మూడోది ఎందుకమ్మా? లేచినదాన్ని మళ్లీ కెలుకుతావా?"

"రెండోది ఒక్కటే జరిగితే ఈసారి పూజ బాగా కుదిరింది అంటారు సార్."

"అనకుండా ఎట్లుంటాం?" అంది అనసూయమ్మ కిటికీ దగ్గర నుంచి. "ఏమ్మా భువనా, ఇంతకీ పూజ చెయ్యాలనా, వద్దనా నువ్వనేది?"

"చెయ్యాలమ్మా. ఒక్కటి కూడా తగ్గించకుండా చెయ్యాల. తగ్గించినారంటే నా కాగితం చెల్లదు."

పెద్దామె ఒత్తుల పళ్లెం పక్కన పెట్టి ఆమె వైపు మొదటిసారి నిండుగా చూసింది. "పూజ తగ్గించమనే వాళ్లను శానామందిని చూసినా. తగ్గించొద్దనే నాస్తికురాలిని నిన్నే చూస్తాండా."

మహానవమి నాడు సర్వర్ ఆగిన క్షణం నుంచి గంట గంటకూ ఎనిమిది గదుల థర్మామీటర్లూ చేత్తో చూసి రాయడానికి భువన మనుషులను పురమాయించింది. నిరుటి వరకు ఆ ఏర్పాటు లేదు. పురోహితుడు వచ్చాడు. గుమ్మడికాయ పగిలింది. సర్వర్ గదిలోకి ఆమె అడుగు పెట్టలేదు. గుమ్మం బయట, అందరికీ కనబడేటట్టు నిలబడింది. వీరభద్ర పై అర గుంజాడు, కింది అర గుంజాడు, తుడిచాడు, ఒకదాని మీద ఒకటి పళ్లెంలో పెట్టాడు, కుంకుమ అద్దాడు. తిరిగి పెట్టే వేళకు పళ్లెం ఎత్తి పట్టుకుని ఆగాడు. గుమ్మం వైపు తిరిగాడు.

"పాపా... పైది పైకేనా?"

"నీకెట్ల అలవాటో అట్లే అన్నా."

అతను కళ్లు మూసుకుని పైది పైకి, కిందిది కిందికి పెట్టాడు.

విజయదశమి పొద్దున ఎనిమిది గంటలకు సర్వర్ గదిలో నిలబడే చోటు లేకపోయింది. మీట నొక్కే పని ఎప్పటిలాగే అనసూయమ్మది. నొక్కింది. లోపలి పంకాలు ఒక్కసారిగా హోరెత్తి, తగ్గాయి. నల్ల తెర మీద తెల్లటి వరుసలు పరుగెత్తాయి. తర్వాత తలారి రంగుల తెర రావాలి. రాలేదు. ఒక వాక్యం మాత్రం కదలకుండా నిలిచింది: నిల్వ కోసం వేచి ఉన్నాను.

అర నిమిషం గడిచింది.

"సూసినావా," అని వెనక ఎవరో గొణిగారు. "నేను అనల్యా?"

వీరభద్ర గోడకు ఆనుకున్నాడు. ధనుంజయ భువన ముఖంలోకి చూశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. కడపలోని పాత డిస్కులు చిన్నవి, తొమ్మిది సెకన్లు పట్టింది. ఇవి వాటికి ఎనిమిదింతలు. తడిమి చూసుకోవడానికి ఆ లెక్కన నిమిషం పైచిలుకు పట్టాలి. ఆ లెక్కను ఆమె మనసులోనే ఉంచుకోలేదు.

"డెబ్భై రెండు సెకన్లు పట్టాల సార్. గడియారం చూడండి."

ధనుంజయ నిజంగానే గడియారం చూశాడు. అరవై ఎనిమిదో సెకనులో వాక్యం చెరిగిపోయింది. తెర వెలిగి, ఒకటో గది కనబడింది, తర్వాత రెండు, మూడు, నాలుగు. ఎనిమిదో గది పక్కన పచ్చ చుక్క వెలిగేసరికి గదిలో ఈలలు లేచాయి. వీరభద్ర ముందుకు తోసుకొచ్చి, వేలు తెరకు తగిలేటట్టు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు.

"అమ్మవారి దయ," అంది అనసూయమ్మ చేతులు జోడించి. అంతలోనే భువన వైపు తిరిగింది. "నీ మూడోది ఇంకా ఉండాది కదా. కానీ మరి, ఎందుకు నిలబడినావు?"

భువన కీబోర్డు దగ్గర కూర్చుంది. పట్టికలో కొత్త వాక్యాలు పక్కకు తీసి నాగరాజ్ వాక్యం పెట్టింది; తలారికి నేర్పిన ఆజ్ఞలను మాత్రం అలాగే ఉంచింది. డిస్కులను ఎవరూ తాకలేదు, కుంకుమ ఇంకా వాటి మీదే ఉంది. సర్వర్‌ను ఆపి లేపింది. తలారి గంట మోగింది. తెర మీద ఎనిమిది గదుల చోట ఎనిమిది గీతలు తప్ప ఏమీ లేవు. మళ్లీ కొత్త వాక్యాలు పెట్టి, ఆపి లేపింది. అందరూ ఈసారి ధనుంజయ గడియారం వైపే చూశారు.

గిడ్డంగి రిజిస్టరులో ఆ రోజు పేజీ ఇట్లా ఉంది:

"విజయదశమి. సర్వర్ నిన్న ఉదయం 9.10కి ఆపినది. పూజ యథావిధిగా జరిగినది. నిన్న పై అరలో ఉన్న డిస్కు నేడు కింది అరలో, కింది అరలోది పై అరలో ఉన్నవి. ఉదయం 8.05కి కొత్త వాక్యాలతో లేపగా 68 సెకన్లలో ఎనిమిది గదులూ పాత అంకెలతో కనబడినవి. 8.20కి పాత వాక్యంతో లేపగా ఒక్క గదీ కనబడలేదు. 8.31కి కొత్త వాక్యాలతో లేపగా ఎనిమిదీ కనబడినవి. ఆపి ఉన్న కాలంలో ఏ గదీ ఎనిమిది డిగ్రీలు దాటలేదు. భువన.

పై మూడూ నా ఎదుట జరిగినవి. తలారిని బెంగళూరు కంపెనీకి ఇవ్వడం లేదు. బాధ్యత భువనదే. ధనుంజయ."